ప్రవాసాంధ్రుల పౌరసత్వ సమస్య

పరదేశమున పనిచేయుటకు అనుమతి పొందుట యొకటి. ఆ దేశమున స్థిరముగా నివసించుటకు హక్కు పొందుట వేరొకటి. ఆ దేశపు పౌరుడగుట యింకొకటి. ఈ మూడింటికిని గల భేదమును మన గ్రామములలోని తల్లిదండ్రులు సామాన్యముగా గుర్తింపరు. "మావాడు అమెరికాలో నున్నాడు" అను నొక్క మాటలో ఈ మూడును కలిసిపోవుచున్నవి. రెండెకరములు విక్రయించి కుమారుని పంపిన తండ్రికిని, ఆ కుమారునకు పిల్లనిచ్చిన మామగారికిని అతడచ్చట నే హోదాతో నున్నాడను ప్రశ్న చాల కాలమునకు గాని తట్టదు. తట్టునాటికి ఆ యింట మనుమడు కళాశాలలో ప్రవేశించు వయస్సునకు వచ్చియుండును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మన విద్యావంతులు పెక్కురు హెచ్-1బీ అను అనుమతిపై పనిచేయుచున్నారు. 1990 నాటి వలస శాసనముచే నేర్పడిన తరగతి యిది. సంవత్సరమునకు 65,000 మందికిని, అమెరికా విశ్వవిద్యాలయములందు ఉన్నత పట్టము పొందినవారికి మరి 20,000 మందికిని దీని నీయవచ్చునని నియమము. అర్థులు అంతకు మిక్కిలిగా నుండుటచే పలు సంవత్సరములు చీట్లు తీసి యెన్నిక చేసిరి. పట్టభద్రుల భవిష్యత్తు చీట్లయాటలో తేలుట యెంత విపరీతమో చెప్పనక్కరలేదు. ఇటీవలి సంవత్సరములలో ఈ అనుమతులు నూటికి డెబ్బదికి మించి భారతదేశమున పుట్టినవారికే దక్కినవి. వారిలో తెలుగువారి వంతు స్వల్పము కాదని హైదరాబాదు, విజయవాడ, గుంటూరు పట్టణములలోని ప్రతి వీధియు చెప్పగలదు.

ఈ అనుమతి మూడేండ్లకు, పొడిగించినచో ఆరేండ్లకు. అర్జీ పెట్టుకొనువాడు యజమాని. పనివాడు ఆ అర్జీలో నొక పేరు మాత్రమే. ఉద్యోగము పోయినచో మిక్కిలి యైన అరువది దినముల గడువు కలదు. ఆలోపల వేరొక యజమాని దొరకవలెను, లేదా మరియొక హోదాకు మారవలెను, లేదా మూట గట్టుకొని బయలుదేరవలెను. అప్పుచేసి కొన్న యిల్లు, బడిలో చదువుచున్న పిల్లలు, కడుపుతోనున్న భార్య, ఇవేవియు ఆ గడువును ఒక్క దినమైన పెంచజాలవు.

ఇక స్థిరనివాస పత్రము, అనగా లోకులు గ్రీన్ కార్డు అని పిలుచునది. దీనికిని సామాన్యముగా యజమానియే పూనుకొనవలెను. ఆ యుద్యోగమునకు తగిన అమెరికనుడు దొరకలేదని ఆ దేశపు శ్రామికశాఖను ముందు ఒప్పింపవలెను; పిదప వలసశాఖకు అర్జీ పెట్టవలెను; అర్జీ ఆమోదింపబడిన తరువాత వరుసలో నిలువవలెను. చిక్కంతయు ఈ వరుసలోనే యున్నది. ఉద్యోగమూలకముగా సంవత్సరమునకు సుమారు 1,40,000 పత్రములు శాసనము నియమించినది. పనివాని భార్యయు బిడ్డలును కూడ ఈ లెక్కలోనే చేరుదురు; కావున నిజముగా పనివారికి దక్కునవి అందులో సగమునకు అటునిటుగా నుండును. వీనిలో ఏ యొక్క దేశమున పుట్టినవారికైనను నూటికి ఏడు వంతులకు మించి యీయరాదని మరియొక నిబంధన. నాలుగు లక్షల జనము గల ఐస్లాండు దేశమునకును ఏడే. నూట నలువది కోట్ల భారతదేశమునకును ఏడే. ఇతర దేశములవారు వాడుకొనక విడిచిన పత్రములు కొన్ని మనవారికి సంక్రమించుట కలదు గాని, ఆ శేషముతో ఈ ఋణము తీరునది కాదు.

ఇచ్చట నొక విచిత్రము కలదు. ఈ లెక్కకు పౌరసత్వము ప్రమాణము కాదు, పుట్టినచోటు ప్రమాణము. కడప జిల్లానుండి కువైటునకు పోయి యచ్చట నివసించిన దంపతులకు కువైటులో పుట్టిన బిడ్డ, చేత భారత పాస్‌పోర్టు పట్టుకొనియే అమెరికాలో కువైటువాని వరుసలో నిలిచి, రాయచోటిలో పుట్టిన తన అన్నకంటె ఎన్నో యేండ్లు ముందుగా గ్రీన్ కార్డు పొందగలడు. కువైటు ప్రభుత్వము వానిని తనవానిగా నెన్నడును అంగీకరింపలేదు; అమెరికా ప్రభుత్వము అంగీకరించినది! భార్య వేరొక దేశమున పుట్టినదైనచో భర్తయు ఆమె వరుసలో చేరవచ్చును. మన పెండ్లిచూపులలో జాతకముతోపాటు జన్మస్థలమును గూడ విచారించు దినములు రాలేదని చెప్పలేము.

2025 సంవత్సరములో అమెరికా ప్రభుత్వము ప్రకటించిన పట్టికలను చూచినచో, ఉన్నత పట్టము గలవారి రెండవ తరగతియందు భారతీయుల వరుస 2013 నాటి అర్జీలకడ నిలిచియుండెను. ఇది పండ్రెండేండ్ల నిరీక్షణమని భ్రమపడరాదు. ఆనాడు వరుసలో నిలిచినవారికి పండ్రెండేండ్లు. వారి వెనుక చేరినవారి సంఖ్య యేటేట పెరుగుచు వచ్చినందున నేడు చేరువారికి అది దశాబ్దముల మాట. ఈ నిరీక్షకులను ఆరేండ్లు నిండగనే వెడలగొట్టకుండుటకై 2000 సంవత్సరమున నొక శాసనము చేసి, అర్జీ నడచుచున్నంతకాలము పని అనుమతిని పొడిగించుటకు వీలు కల్పించిరి. అది ఉపకారమే; కాని తాత్కాలికమను పేరుతో జీవితకాలము గడపు నొక జనసమూహము దానివలననే యేర్పడినది. వీరు పన్నులు చెల్లింతురు, ఇండ్లు కొందురు, దేవాలయములు కట్టింతురు, ఓటు మాత్రము లేదు. పన్నునకును ప్రాతినిధ్యమునకును గల సంబంధమును లోకమునకు బోధించి, ఆ వాదముపైననే తెల్లదొరలను వెడలగొట్టిన దేశమున ఈ స్థితి నెలకొనుట గమనింపదగినది.

గ్రీన్ కార్డు చేతికి వచ్చిన పిమ్మట పౌరసత్వము కష్టసాధ్యము కాదు. సామాన్యముగా ఐదేండ్లు నివసించి, ఆంగ్లభాషలోను ఆ దేశచరిత్ర, ప్రభుత్వవిధానములలోను పరీక్ష నిచ్చి ప్రమాణము చేసినచో చాలును. తాళము ఇంటి లోగిలికి లేదు, వీధి తలుపునకే యున్నది.

దీని భారము అందరికంటె నెక్కువగా బిడ్డలపై పడుచున్నది. రెండేండ్ల ప్రాయమున తల్లి యొడిలో అమెరికా చేరిన బాలుడు తండ్రి హోదాను ఆశ్రయించియే యుండును. ఇరువదియొకటవ యేడు రాగానే శాసనము వానిని బిడ్డగా నెంచదు. 2002లో చేసిన బాలసంరక్షణ శాసనము వయస్సు లెక్కించుటలో కొంత వెసులుబాటు చూపినది గాని, దశాబ్దముల వరుసకు అది చాలదు. అంతట వాడు, తానెరిగిన యేకైక దేశమున, విదేశీ విద్యార్థిగా మారవలెను. లేదా తెలుగు చదువనైన రానివాడు తెలుగునాటికి తిరిగిపోవలెను. వాని చెల్లెలు ఆ దేశముననే పుట్టినదగుటచే పుట్టుకతోనే పౌరురాలు. ఒకే తల్లి బిడ్డలలో నొకరు స్వదేశీయులు, ఒకరు పరదేశులు. ఈ పుట్టుకతోడి హక్కునైనను నిశ్చింతగా నుండనీయలేదు. 2025 జనవరి 20న నూతనాధ్యక్షుడు అధికారము స్వీకరించిన దినముననే, తాత్కాలిక హోదాలోనున్న తల్లిదండ్రుల బిడ్డలకు పుట్టుకచే పౌరసత్వము చెల్లదని ఆజ్ఞ వెలువరించెను. దిగువ న్యాయస్థానములు దాని యమలును నిలిపివేసినవి. వివాదము అత్యున్నత న్యాయస్థానమువరకు పోయినది. అమెరికా రాజ్యాంగపు పదునాలుగవ సవరణమును, 1898లో చైనా దంపతుల బిడ్డయైన వాంగ్ కిమ్ ఆర్క్ విషయమున అదే న్యాయస్థానమిచ్చిన తీర్పును చదివినవారికి ఆ యాజ్ఞ ఆశ్చర్యము గలిగింపక మానదు.

భార్యల స్థితియు చెప్పుకొనవలసినదే. భర్త హోదాపై పోయిన స్త్రీ, ఎంత చదివినదైనను, చాలకాలము పని చేయుటకే అర్హురాలు గాకుండెను. 2015లో చేసిన నియమముచే, భర్త గ్రీన్ కార్డు అర్జీ ఆమోదింపబడి వరుసలో నిలిచినవారి భార్యలకు పని అనుమతి దొరకినది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రమందలి ఒలేథ్ పట్టణమున హైదరాబాదు యువకుడైన యొక ఇంజనీరు జాతిద్వేషముచే తుపాకికి బలియయ్యెను. అంత్యక్రియలకై స్వదేశమునకు వచ్చిన యాతని భార్యకు తిరిగి పోవుటకే హక్కు లేకపోయెను. ఏలయన ఆమె హోదా భర్త హోదాను ఆశ్రయించినది, భర్త లేడు. ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధి పూనికచే ఆమెకు మాత్రము దారి దొరకినది. పత్రికలకెక్కని మరణములలో ఏమగుచున్నదో పాఠకులే యూహింపగలరు.

దీనికి ప్రతిక్రియ లేదా? 2019 జులైలో అమెరికా ప్రతినిధిసభ ఉద్యోగమూలక పత్రములలో దేశములవారీ పరిమితిని తొలగించు బిల్లును 365 ఓట్లతో, 65 మాత్రమే ప్రతికూలముగా, ఆమోదించెను. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపమున నట్టి బిల్లునే ఆమోదించెను. రెండు సభలును ఒక రూపమునకు రాకమునుపే కాలము తీరిపోయినది. బిల్లు శాసనము కాలేదు. అడ్డుచెప్పినవారి వాదమును తోసిపుచ్చరాదు. పరిమితిని తీసి మొత్తమును పెంచనిచో, కొన్నేండ్లపాటు పత్రములన్నియు మనవారికే పోయి, ఇతర దేశముల దాదులును శాస్త్రజ్ఞులును నిరీక్షింపవలసి వచ్చునని వారనిరి. అది నిజమే. కావుననే మూలమందలి దోషము ఏడు వంతుల నియమముకంటె 1,40,000 అను సంఖ్యయందున్నదని మా యభిప్రాయము. 1990లో కంప్యూటరు పరిశ్రమ బాల్యావస్థలో నున్ననాడు వ్రాసిన సంఖ్య యది. పనివారిని పిలుచుటకు ద్వారమును విశాలము చేసి, నిలుపుకొను ద్వారమును మాత్రము వెనుకటి కొలతకే యుంచినచో నడుమ గుంపు చేరక యేమి చేయును? భార్యాబిడ్డలను లెక్కనుండి తొలగించిన మాత్రముననే వరుస యెంతో తగ్గును. ఇది యెవరికిని నష్టము గలిగింపని సవరణము. అయినను దీనికై గట్టిగా నడుగువారు తక్కువ. 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటన యైతే పిలుచు ద్వారమునే బిగించినది. క్రొత్త హెచ్-1బీ అర్జీలపై లక్ష డాలర్లు, అనగా మన రూపాయలలో తొంబది లక్షలకు సమీపించు మొత్తము, చెల్లింపవలెనని దాని సారాంశము.

చరిత్ర తెలిసినవారికి ఇది క్రొత్త గాథ కాదు. 1790 నాటి అమెరికా శాసనము స్వతంత్రులైన శ్వేతజాతీయులకే పౌరసత్వమును పరిమితము చేసెను. పంజాబున పుట్టి, ఆ దేశపు సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ తానును ఆర్యుడనని వాదింపగా, 1923లో అత్యున్నత న్యాయస్థానము సామాన్యజనుల యర్థమున అతడు శ్వేతజాతీయుడు కాడని త్రోసివేసినది. ఆ తీర్పుతో, అంతకు పూర్వము పౌరులైన హిందూదేశీయుల పౌరసత్వము సైతము రద్దయినది. 1946లో, జె. జె. సింగు మొదలగువారి యుద్యమ ఫలితముగా, లూస్-సెల్లర్ శాసనము వచ్చి మనవారికి పౌరసత్వార్హత కలిగెను. వలస మాత్రము యేటికి నూరుమందికే! 1965 నాటి శాసనము గాని ఆ కట్టును తెంచలేదు. నేటి పరిమితి థిండ్ తీర్పు వంటి జాత్యహంకారము కాదు. అన్ని దేశములను సమముగా చూడవలెనను తలంపుతోనే దానిని నిర్మించిరి. సమత్వము దేశములకు దక్కినది, మనుష్యులకు దక్కలేదు.

గల్ఫ్ రాజ్యములలో సంగతి వేరు. అచ్చట వరుస లేదు, ఏలయన ద్వారమే లేదు. కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతముల కూలీలును, రాయచోటి, రాజంపేటల డ్రైవర్లును, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికై పోయిన స్త్రీలును అచ్చట ఇరువది, ముప్పది యేండ్లు గడిపినను అతిథులే. కఫాలా అను పద్ధతిలో పనివాని నివాసము యజమాని పూచీకి కట్టుబడియుండును. ఖతరు 2020లో యజమాని అంగీకారము లేకయే ఉద్యోగము మారవచ్చునని చేసిన సంస్కరణము మెచ్చదగినది. దీర్ఘనివాసమునకు సైతము ఆయా రాజ్యములు ఇటీవల కొన్ని దారులు తెరచినవి: 2019లో సంయుక్త అరబ్ ఎమిరేట్ల గోల్డెన్ వీసా, అదే సంవత్సరమున సౌదీ అరేబియా ప్రీమియము నివాసము, 2018లో ఖతరు చేసిన శాశ్వతనివాస శాసనము. అయితే ఖతరు శాసనము యేటికి నూరుమందికే యని పరిమితించినది. సౌదీ శాశ్వతనివాసమునకు ఎనిమిది లక్షల రియాళ్లు వెలగట్టిరి. నెలకు వేయిన్నర రియాళ్లు ఆర్జించు కూలి ఒక్క హలాలా యైనను వెచ్చింపక కూడబెట్టినచో ఆ మొత్తము చేరుటకు నలువది నాలుగేండ్లు పట్టును. ఈ దారులు ధనవంతులకు, వైద్యులకు, శాస్త్రజ్ఞులకు వేసినవి. గల్ఫ్ కూలికి మనము సాధింపవలసినది పౌరసత్వము కాదు; జీతము సకాలమున ముట్టుట, పాస్‌పోర్టు తన చేతిలోనే యుండుట, ఉద్యోగము మారు స్వేచ్ఛ. వీనికై అడుగుటకు మన ప్రభుత్వములు సిగ్గుపడ నక్కరలేదు.

హోదా సంగతి నిర్లక్ష్యము చేసినవారికి నేమగునో మన పూర్వులు అనుభవించియున్నారు. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి మలయా తోటలకు పోయిన తెలుగు కూలీలకు 1957లో ఆ దేశము స్వతంత్రమైనపుడు, నివాసకాలము, మలయ్ భాషాజ్ఞానము, విధేయతా ప్రమాణము మొదలగు షరతులపై పౌరసత్వము పొందుటకు అవకాశము కలిగెను. తోటలలోని చదువురాని జనులలో అనేకులు దానిని వినియోగించుకొనలేదు. కొందరికి పుట్టిన తేదీ తెలుపు కాగితమే లేదు. 1968లో పౌరులు కానివారు పనిచేయుటకు అనుమతిపత్రము పొందవలెనని శాసనము వచ్చినది. 1969 మే నెలలోని అల్లర్ల పిదప దానిని గట్టిగా అమలుజరిపిరి. ఆ తోటలలోనే పుట్టి పెరిగినవారు సైతము ఒక్క కాగితము లేని కారణమున ఓడలెక్కి, తామెన్నడును చూడని దేశమునకు తిరిగి వచ్చిరి. బర్మా కథ యింకను దారుణము. రంగూను రేవులో బరువులెత్తి, బియ్యపు మిల్లులలో పనిచేసిన తెలుగువారు 1930 మేలో కొట్లాటలకు గురియైరి. 1942లో జపానువారి దాడికి జడిసి కొండలడవులగుండ నడచివచ్చిరి. మిగిలినవారిని 1962 నాటి సైనికపాలనము, 1964 నాటి జాతీయీకరణము తరిమివేసినవి. విశాఖలోని బర్మా క్యాంపు అను పేరు ఆ దినముల గుర్తు.

అన్ని దేశములును తలుపులు మూసికొన్నవని చెప్పుట సత్యము కాదు. కెనడా స్థిరనివాసులు ఐదేండ్లలో 1,095 దినములు ఆ దేశమున గడపినచో పౌరసత్వమునకు అర్హులు. జర్మనీ 2024 జూన్ 27 నుండి, ఎనిమిదేండ్ల నిరీక్షణమును ఐదేండ్లకు తగ్గించి, పూర్వ పౌరసత్వమును విడువ నక్కరలేదనియు చెప్పినది. కాని ఈ రెండవ సౌకర్యము మనవారికి పనికిరాదు. మన రాజ్యాంగపు తొమ్మిదవ అధికరణమును, 1955 నాటి పౌరసత్వ శాసనపు తొమ్మిదవ విభాగమును ఇచ్ఛాపూర్వకముగా పరదేశ పౌరసత్వమును స్వీకరించిన దినముననే భారత పౌరసత్వము పోవునని ఘోషించుచున్నవి. 2005లో నేర్పడిన విదేశీ భారత పౌరుడు, అనగా ఓసీఐ, అను హోదా పేరున పౌరసత్వమే గాని నిజమున దీర్ఘకాలపు వీసా మాత్రమే. దానితో ఓటు లేదు, రాజ్యాంగ పదవులు లేవు. భూస్వాములైన పాఠకులు మరియొకటి గమనింపవలెను: ఓసీఐ వ్యవసాయభూమిని కొనజాలడు, తండ్రినుండి వారసత్వముగా సంక్రమించినది మాత్రము పొందవచ్చును. కుమారుని పంపుటకై విక్రయించిన రెండెకరములను ఆ కుమారుడు అమెరికా పౌరుడైన పిదప తిరిగి కొనవలెనన్న శాసనము సమ్మతింపదు. అన్నదమ్ములు భాగపత్రములు వ్రాసికొనునపుడు ఈ విషయమును న్యాయవాదితో ముందుగానే యాలోచించుట మేలు.

ఇతరులను విమర్శించునపుడు మన గడప యెత్తును గూడ కొలుచుకొనవలెను. విదేశీయుడు భారత పౌరుడు కావలెనన్న, సామాన్య నియమమున, అర్జీకి ముందు పండ్రెండు మాసములు ఎడతెగకను, అంతకు ముందరి పదునాలుగేండ్లలో పదునొకండు సంవత్సరములును ఇచ్చట నివసించియుండవలెను. అన్నియు కలిసి పండ్రెండేండ్లు. ఉద్యోగమునకై వచ్చిన పరదేశికి నడుమ స్థిరనివాసమను మెట్టు మన శాసనములో దాదాపు లేదు. 2016లో పది సంవత్సరముల నివాసమును కల్పించిన పథకమొకటి కలదు గాని, అది కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టువారికి.

అమెరికా శాసనసభను మార్చుట మన చేతిలో లేదు. ఢిల్లీ చేతిలోనున్న పని యొకటి మాత్రము చాలకాలముగా మిగిలియున్నది. హెచ్-1బీపై పనిచేయు ప్రతివాడును జీతమునుండి నూటికి 6.2 వంతున అమెరికా వార్ధక్య నిధికి చెల్లించును. యజమానియు అంతే చెల్లించును. పదేండ్ల చందా నిండినగాని దానిపై పింఛను హక్కు రాదు. ఏడెనిమిదేండ్లు చెల్లించి, వరుస కదలక విసిగి తిరిగివచ్చినవాని సొమ్ము అచ్చటనే యుండిపోవును. జర్మనీ, ఫ్రాన్సు, బెల్జియము, జపాను, కెనడా, ఆస్ట్రేలియా మొదలగు దేశములతో భారత ప్రభుత్వము సామాజిక భద్రతపై ఒడంబడికలు చేసికొన్నది. మనవారు అత్యధికముగా పన్నులు కట్టుచున్న అమెరికాతో నట్టి యొడంబడిక నేటికిని లేదు. వాణిజ్య సంప్రదింపులకై మన మంత్రులు వాషింగ్టనునకు పోయినపుడెల్ల ఈ విషయము పట్టికలో మొదటి వరుసన నుండవలెనని మన పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలెను. ఉభయ తెలుగు రాష్ట్రముల సభ్యులు ఈ యొక్క విషయమున పక్షభేదములు మాని కలసి యడుగుటకు ఆటంకమేమియు కనబడదు.